చుక్క కారని కూలర్

పెళ్లిళ్లకు ఫ్లెక్సీలు తయారుచేసే రమీజా కంప్యూటర్ ఎండలకు వేడెక్కి, పని మధ్యలో ఆగిపోతోంది. లోపల నీళ్లు తిరుగుతూ చల్లబరిచే లిక్విడ్ కూలర్ పెట్టిద్దామని కంప్యూటర్‌ను వెంట తీసుకుని, పట్నంలో పేరున్న కామేశం దుకాణానికి వెళ్లింది.

ఆయన రంగురంగుల లైట్లు మెరిసే కొత్తరకం కూలర్ చూపించాడు. "చుక్క కారదు, పూచీ నాది. ఇవన్నీ నీకేం తెలుస్తాయమ్మా, కళ్లు మూసుకుని తీసుకో!"

రమీజా బల్లమీద ఆయన బిల్లులు కొట్టే కంప్యూటర్ వైపు చూసింది. "అలాగేనండీ. దీన్ని మీ బిల్లుల కంప్యూటర్‌కి పెట్టుకుని, అందులో ఉన్న పాత కూలర్ నాకివ్వండి. ధర దీనిదే ఇస్తాను."

"అమ్మో! కారితే? నా వ్యాపారమంతా అందులోనే ఉంది!" అన్నాడు కామేశం గాభరాగా.

"నాదీ ఇందులోనే ఉందండీ," అంది రమీజా, తన కంప్యూటర్ మీద చెయ్యి వేసి.

కామేశం తను వాడే రకం కూలరే తెచ్చి, స్వయంగా బిగించి ఇచ్చాడు.