వైద్యశాల మెట్ల మీద

ఎప్పటి మాటో గానీ, మణిగిరి రాజ్యాన్ని వీరకంఠుడనే రాజు ఏలేవాడు. ఎవరు ఏ పని చేసినా దానికో కొలత ఉండాలని ఆయన పట్టుదల. ఒకనాడు ఆయన కన్ను వైద్యశాల మీద పడింది.

"ఇకనుంచి ప్రతి పౌర్ణమికీ లెక్క చూస్తాం. ఏ వైద్యుడి చేతిలో చావులు తక్కువో వాడికి పట్టుశాలువా. ఎక్కువైతే ఉద్వాసన," అన్నాడు.

సభ చప్పట్లు కొట్టింది. రాజుగారి ఆంతరంగికుడు ఔబళయ్య మంచి మాటకారి. ఆయనా నవ్వుతూ చప్పట్లు కొట్టాడు.

మరుసటి పౌర్ణమికి వైద్యశాలలో ఒక్క చావూ లేదు. రాజు మీసం దువ్వుకున్నాడు.

ఆ వారంలోనే కోట నగారా వాయించే పోలన్న పోయాడని ఔబళయ్యకు తెలిసింది. కబురు తెచ్చిన కావలివాడిని ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. పోలన్నకు జ్వరం ముదిరితే భార్య గురవమ్మ బండిలో వైద్యశాలకు తీసుకెళ్లింది. పెద్ద వైద్యుడు వాసుదేవభట్టు మెట్ల మీదే నాడి చూసి, "ఇది ఇక్కడ తగ్గే జబ్బు కాదు, ఇంటికి తీసుకుపో," అన్నాడట. ఇల్లు చేరకముందే ప్రాణం పోయింది.

ఔబళయ్యకు ఆ రోజు అన్నం సహించలేదు. రాజుతో నేరుగా చెబితే వినడు. ఏం చేయాలో తోచలేదు.

కొన్నాళ్లకు రాజుకు పడిశం పట్టి, ఒళ్లు కాస్త వెచ్చబడింది. వైద్యుల్ని పిలుచుకురమ్మని ఔబళయ్యనే పంపాడు. ఆయన ముఖం వేలాడేసుకుని వెళ్లాడు.

"ప్రభువుకి ఊపిరి ఆడటం లేదు. దక్కేలా లేరు. మీలో ఎవరు వస్తారు?"

వైద్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయనకు ఉన్నట్టుండి నడుం పట్టేసింది. ఇంకొకాయన తాను కంటి జబ్బులే చూస్తానన్నాడు. వాసుదేవభట్టు గొంతు సవరించుకుని, "ఇలాంటి స్థితిలో మందు కన్నా విశ్రాంతి మేలు," అన్నాడు.

సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. రాజు మండిపడ్డాడు. "నా వైద్యులు నన్నే చూడరా?"

"తమరు దక్కరని చెప్పాను ప్రభూ. పౌర్ణమి దగ్గర పడింది కదా, తమరి చావును తన లెక్కలో వేసుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు."

రాజు నోరు తెరిచి చూశాడు. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నా కొలతతో నన్నే కొలిచావయ్యా," అంటూ భుజకీర్తి తీసి చేతిలో పెట్టాడు. అంతలో ఏదో తట్టింది. "నిజంగా ఎవరినైనా అలా పంపేశారా?"

"పోలన్నని."

రాజు నవ్వు ఆగిపోయింది. ఆ కొలత రద్దయిందనీ, వచ్చిన వాళ్లెవరినీ తిప్పి పంపకూడదనీ మర్నాడే చాటింపు వేయించాడు.

ఔబళయ్య చమత్కారాన్ని ఊరంతా మెచ్చుకుంది. ఆయన మాత్రం భుజకీర్తి మూటగట్టుకుని గురవమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె పీట వేసి, మజ్జిగ ఇచ్చింది.

"ఈ ఉపాయం నాకు ముందే తట్టి ఉంటే, పోలన్న బతికేవాడమ్మా," అన్నాడు ఆయన తలెత్తకుండా.

"ఏమో అయ్యగారూ, బతికేవాడో లేదో. లోపల కాస్త పడుకోబెట్టుకుని ఉంటే చాలు. దారి పొడుగునా నన్నే అడిగాడు, మనల్ని ఎందుకు పొమ్మన్నారే అని."

ఔబళయ్య భుజకీర్తి మూటను పీట మీదే పెట్టి, లేచి వచ్చేశాడు.