పోలయ్య తెచ్చిన సైన్యం

మణిగిరి అని ఒక చిన్న రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే కాని, దాన్ని ఏలే రణధీరసింహుడికి ఆడంబరం ఎక్కువ. తన పట్టాభిషేకానికి పాతికేళ్లు నిండే రోజున, తన తోటలో పూసిన చేమంతులతోనే తనకు పుష్పాభిషేకం జరగాలని ఆయన నిర్ణయించాడు.

ఇంకా రెండు నెలలు ఉందనగా చేమంతులకు పేనుబంక పట్టింది. నల్లటి చిన్న పురుగులు లేత కొమ్మల నిండా అంటుకుని రసం పీల్చేస్తుంటే, మొగ్గలు ముడుచుకుపోతున్నాయి.

"తోటలో పురుగన్నది మిగలకూడదు. మిగిలితే తోటమాలిని పొలిమేర దాటించండి," అన్నాడు రాజు.

తోటమాలి పోలయ్యకు అరవై దాటాయి. ఆస్థాన పండితుడు భైరవశాస్త్రి పొగాకూ ఉమ్మెత్తాకూ కలిపి కాచే కషాయం ఒకటి చెప్పాడు. పోలయ్య రోజూ పొద్దున్నే గుండిగెడు కాచి, మొక్కమొక్కకూ చల్లేవాడు. చేతులు పొక్కాయి. కళ్లు మండేవి. బంక రెండు రోజులు తగ్గినట్టే తగ్గి, మూడో రోజుకు ఇంకా ఎక్కువయ్యేది. శాస్త్రి మాత్రం కషాయం మరింత చిక్కగా కాచమనేవాడు.

ఇరవై రోజులు ఇలా గడిచాక, ఒక మధ్యాహ్నం పోలయ్య ఇక నిలబడలేక బావి వెనక చతికిలబడ్డాడు. అక్కడ నాలుగు చేమంతి మొక్కలున్నాయి. కషాయం ఏనాడూ అక్కడిదాకా సరిపోలేదు. చిత్రంగా, వాటికి బంక లేదు. ఆకుల మీద నల్లచుక్కల ఎర్రటి అక్షింతల పురుగులు తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి, ఎక్కడో మిగిలిన పేనును పట్టుకుని నమిలేసింది.

ఇన్నాళ్లూ తాను కషాయం పోసి చంపింది వీటిని కూడానని పోలయ్యకు అర్థమైంది. కోపం కూడా రాలేదు. లేచి నిలబడడానికే చాలాసేపు పట్టింది.

మర్నాడు సభకు వెళ్లాడు.

"ప్రభూ, ఒక్కణ్ణి, నా వల్ల కావడం లేదు. సైన్యం కావాలి."

"పురుగుల మీదికి మా సైన్యమా?"

"తమరి సైన్యం వద్దు ప్రభూ, నేనే తెచ్చుకుంటాను. వాళ్లు జీతం అడగరు, శత్రువునే తిని బతుకుతారు. పని పూర్తయ్యేదాకా వాళ్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని, కషాయం చల్లకూడదని రాసిస్తే చాలు."

సైన్యం అన్న మాట రాజుకు నచ్చింది. అప్పటికప్పుడు రాయించి ముద్ర వేశాడు.

పోలయ్య ఊరిబయట అలసంద చేలల్లో తిరిగి, బుట్టలనిండా అక్షింతల పురుగుల్ని ఏరి తెచ్చి తోటలో వదిలాడు. పది రోజులకు వాటి పిల్లలు, నల్లగా గరుకుగా, కొమ్మల మీద పాకసాగాయి. శాస్త్రి చూసి రాజును వెంటబెట్టుకొచ్చాడు.

"చూడండి ప్రభూ, పురుగుల మీదికి పురుగుల్నే తెచ్చాడు."

"సైన్యం అన్నావు కదా పోలయ్యా?" అన్నాడు రాజు, మొహం ఎర్రబడి.

పోలయ్య ముద్ర ఉన్న పత్రం చూపించాడు. "సైన్యమే ప్రభూ. ఎవరు ఎవరిని తింటున్నారో వంగి చూడండి."

రాజుకు వంగే అలవాటు లేదు. అయినా వంగాడు. చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత శాస్త్రిని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

ఉత్సవం నాటికి తోట పచ్చగా విరగబూసింది. రాజు సేనాపతినీ సభవారినీ పుష్పాభిషేకానికి తోటకే పిలిపించాడు. శాస్త్రి ముందుకొచ్చాడు.

"పురుగన్నది మిగలకూడదని ప్రభువుల ఆజ్ఞ. మరి ఇతను తెచ్చినవీ పురుగులే కదా?"

"వెతకండి అయ్యవారూ," అన్నాడు పోలయ్య నీరసంగా. "తినడానికి ఏమీ లేక ఎగిరిపోయాయి. యుద్ధం అయిపోయాక ఊళ్ల మీద పడి తినకుండా ఇంటికి వెళ్లిపోయిన సైన్యాన్ని చూడడం, ఇంత వయసొచ్చాక నాకు ఇదే మొదలు."

అందరూ బిగుసుకుపోయారు. పొరుగు రాజ్యంతో యుద్ధం ముగిసి రెండేళ్లయినా సైనికులు ఊళ్లలోనే తిష్ఠ వేసి రైతుల గాదెలు ఖాళీ చేస్తున్నారని తెలియనివారు లేరు. రాజు సేనాపతి వైపు చూశాడు. సేనాపతి తల దించుకున్నాడు.

అప్పుడు రాజు నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని.

"రేపటినుంచి మా సైన్యం కూడా ఇళ్లకు పోతుంది. ఊరి పక్కన అయిదెకరాల మాన్యం నీది. ఇంకేం కావాలో అడుగు పోలయ్యా."

పోలయ్య నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"కూర్చోవాలని ఉంది ప్రభూ."

రాజు తన ఆసనమే అతని వైపు జరిపించాడు. పోలయ్య అందులో కూర్చుని, అభిషేకం మొదలవకముందే నిద్రపోయాడు. రాజు నిలబడే పూలు పోయించుకున్నాడు.