ఉప్పు జాడీ లేని ఊరు

ఏమర్రా, పప్పులో ఉప్పు లేకపోతే కంచం తోసేసి లేచిపోవడమేనా? అడుగుతున్నాను, చెప్పండి. ఒక్క పూట చప్పగా తింటే నోరు పడిపోతుందా? మీ అమ్మ నా కూతురు కదా అని వెనకేసుకొస్తున్నాననుకోకండి. తప్పు దానిదే, వెయ్యడం మర్చిపోయింది. కానీ చప్పటి పప్పు ఒక్క ముద్ద తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టిన మనిషి ఒకావిడుంది. ఆవిడ సంగతి తెలుసా మీకు? తెలీదు కదా! అయితే ఇలా రండి. ఒరే శేషూ, ఆ దుప్పటి ఇటు లాగు. వాసంతీ, నువ్వు మధ్యలో ఎన్ని ప్రశ్నలేసినా సరే, ఊ కొట్టడం మాత్రం మానావంటే కథ అక్కడే కూలబడుతుంది.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. చవుటిపాలెం. ఆ ఊళ్ళో నేల ఉప్పు, గాలి ఉప్పు, గాలికి ఆరేసిన చీర ఉప్పు, చీర కట్టుకున్న మనిషి చెమట ఉప్పు, చెమటోడ్చి తవ్వుకున్న నూతిలో నీళ్ళూ ఉప్పే. సముద్రపు నీళ్ళు మళ్ళలోకి పెట్టడం, ఎండబెట్టడం, తేలిన ఉప్పు గోకి కుప్ప పొయ్యడం, ఇదే వాళ్ళ పని. ఇంత ఉప్పుందా, ఏ ఇంటి వంటగదిలోనూ ఉప్పు జాడీ అన్నది లేదు. ఎందుకో చెప్పు శేషూ? ఊఁహూఁ, పిసినారితనం కాదురా! ఆ నూతి నీళ్ళతో వండితే అన్నం ఉప్పు, పప్పు ఉప్పు, పులుసు ఉప్పు. ఇంక వేరే వెయ్యడమెందుకూ?

తాగడానికి మాత్రం ఆ నీళ్ళు గొంతు దిగవు. ఏటి నీళ్ళూ సముద్రపు పోటుకి ఉప్పే. ఏటికవతల ఊరి చెరువుకి పోవాలి. పోను రెండు కోసులు, రాను రెండు కోసులు. నెత్తిన బిందె, చంకన బిందె. మరి ఆ ఊరికి పిల్లనెవడిస్తాడు? ఇచ్చినా, మొదటి పురిటికి పుట్టింటికెళ్ళిన పిల్ల తిరిగొచ్చేది కాదు. చంటిబిడ్డకి నీళ్ళు పొయ్యడానికి నాలుగు కోసులు నడవలేనమ్మా అని అక్కడే ఉండిపోయేది. దాని వెనకాలే మొగుడూ పోయేవాడు. అలా నలభై గడపల ఊరు పదకొండు గడపలకి వచ్చింది.

ఆ పదకొండు గడపల్లో ఒకటి ఆదెమ్మది. ఆవిడకి ఒక్కడే కొడుకు, ఎర్రయ్య. మంచివాడే, బుర్రే కాస్త ఆలస్యంగా ఉడుకుతుంది. వాడి పెళ్ళాం కొండమ్మ. ఎక్కడో కొండ కింద, ఇంటి ముందే ఊటకాలువ పారే ఊరి పిల్ల. ఆ పిల్లకి రెండో నెల.

మాఘమాసం వచ్చింది. ఆ ఏడు మొదటి ఉప్పు తేలింది. మొదటి తట్ట రేవమ్మ తల్లికి పెట్టడం వాళ్ళ ఆచారం. రేవమ్మ తల్లంటే ఏముందీ, ఏటిగట్టు మీద ఒక రాయి. ఉప్పుగాలికి తెల్లగా అట్ట కట్టేసిన రాయి. అందరూ తట్ట దింపి, దణ్ణం పెట్టి, వచ్చేసేవాళ్ళు. ఏమీ అడిగేవాళ్ళు కాదు. అడిగి అడిగి తాతల నాడే విసిగిపోయారు. కొండమ్మ మాత్రం తట్ట దింపి, తల్లీ, మా ఊరికి మంచినీళ్ళియ్యి అని అడిగేసిందిట.

తలెత్తి చూస్తే గట్టు మీద ఒకావిడ కూర్చునుంది. అప్పుడే తలంటు పోసుకున్నట్టు జుట్టు చివర్ల నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతున్నాయి. ఆవిడంది కదా, మీ పెరట్లో ఉప్పుకుప్ప పోసుకున్న ఇసకదిబ్బ ఉందే, దాని కిందే ఇస్తాను పో, నీ కడుపులో బిడ్డకి మొదటి స్నానం ఆ నీళ్ళతోనే అంది.

ఉప్పుకుప్ప కింద మంచినీళ్ళు! నిప్పులకుండలో వెన్న దాచానన్నట్టు లేదూ? కొండమ్మకీ అలాగే అనిపించింది. అయినా నోరు మూసుకుని రాలేదు. ఎలా తల్లీ? అని అడిగింది.

ఏమిటే వాసంతీ? దేవతని ఎదురడగొచ్చా అనా? ఎందుకడక్కూడదూ? నోరిచ్చిందెవరే? అడగడంలో రెండు రకాలుంటాయి. కాలు ముందుకెయ్యడానికి అడిగేది ఒకటి, కాళ్ళు చాపుకుని కూర్చోడానికి అడిగేది ఒకటి. కొండమ్మ అడిగింది మొదటి రకం. అందుకే ఆ తల్లి కోప్పడలేదు. నవ్వింది. కుప్ప తీయించు, రెండు నిలువుల లోతు తవ్వించు, గోడ కూలకుండా మట్టి ఒరలు దింపించు. మొదట ఉప్పే వస్తుంది. ఏళ్ళ తరబడి ఉప్పింకిన ఇసక, కడిగితే గానీ వదలదు. రోజూ పొద్దున్నే ఇరవయ్యొక్క చేదలు తోడి దూరంగా పారబొయ్యండి. పూడ్చకండి, ఆపకండి. అంతే చెప్పింది. మళ్ళీ చూస్తే రాయే ఉంది. రాయి పక్కన ఇసక తడిగా ఉంది.

కొండమ్మ వెళ్ళి అత్తకి చెప్పింది. ఆదెమ్మ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు అత్త నోటి నుంచి అరుగెక్కింది, అరుగు మీంచి వీధిలో పడింది, వీధిలోంచి ఉప్పుమళ్ళకి పోయింది, మళ్ళ గట్ల మీద తిరిగి తిరిగి, పదకొండు గడపలూ తొక్కి, సాయంత్రానికి మళ్ళీ కొండమ్మ చెవికే వచ్చింది. అప్పటికి మాట ఏమయిందనుకున్నారు? ఆదెమ్మ కోడలు ఉప్పులోంచి పాలు పితుకుతుందట!

ఊ ఏదీ? ఆఁ.

మరి ఆదెమ్మ చెడ్డదా? కాదర్రా. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో ఇలాగే మామగారికి ఎవరో వాక్కు చెప్పారు. మూడుచోట్ల తవ్వించాడాయన. తవ్విన ప్రతిసారీ ఆదెమ్మ కొత్త ఇత్తడి బిందె తళతళా తోమి, పసుపు రాసి, పట్టుకుని పరిగెత్తింది. మూడుసార్లూ ఉప్పే. మూడుసార్లూ ఖాళీ బిందెతో వెనక్కొచ్చింది. తవ్వినవి తవ్వినరోజే పూడ్చేశారు. ఆ బిందె అటకెక్కింది, మళ్ళీ దిగలేదు. అందుకే కోడలితో అందీ, అమ్మా, నువ్వు అడిగావు గనక తవ్వుకో, నేను అడ్డురాను, నాకు మాత్రం ఆశ పెట్టకు. వినాయకచవితి దాకా చూస్తాను. అప్పటికీ నీళ్ళు రాకపోతే, మర్నాడే బండి కట్టించి అందరం మీ కొండ కిందికే పోదాం. ఈ ఉప్పులో నా మనవణ్ణి పెంచను. చెప్పేసి, లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. పుట్టి పెరక్కపోయినా, ముప్ఫయ్యేళ్ళుగా తొక్కిన గడప కదూ మరి!

కుప్ప తీశారు. తవ్వారు. నీళ్ళొచ్చాయి. ఎలా ఉన్నాయి? ఉప్పు. రోజూ ఇరవయ్యొక్క చేదలు తోడారు. ఎలా ఉన్నాయి? ఉప్పు. ఫాల్గుణం పోయింది, ఉప్పు. చైత్రం పోయింది, ఉప్పు. వైశాఖం పోయింది, ఉప్పో ఉప్పు.

పెళ్ళాం మొహం వాడిపోవడం చూశాడు మన ఎర్రయ్య. పాపం, ఆ తల్లికి చేతినిండా పని, మనమూ ఓ చెయ్యి వేద్దాం అనుకున్నాడు. అనుకుని ఏం చేశాడూ? ఓ మధ్యాహ్నం ఎవరూ చూడకుండా నాలుగు బెల్లం దిమ్మలు తెచ్చి నూతిలో పడేశాడు!

నవ్వండి, నవ్వండి. ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కోడానికి చేద తోడిన ఆదెమ్మకి వేలికి జిగురు తగిలింది. నాలిక మీద పెట్టుకుంది. తీపి! ముసల్ది పొలికేక పెట్టింది. కోడల్ని కావలించుకుంది. పదకొండు గడపలూ పరిగెత్తుకొచ్చాయి. ఆదెమ్మ నిచ్చెన వేసి అటక మీంచి బిందె దింపేసింది కూడాను. బిందె తోముతూ తోముతూ కిందికి చూసిందీ... చీమలు. ఒకటి కాదు, రెండు కాదు, బారులు బారులు, గడప దాటి, గట్టు దాటి, నూతి ఒర మీదికి. చీమల బారు పట్టుకుని పోతే బెల్లం కాగితం దొరికింది. కాగితం పట్టుకుని పోతే ఎర్రయ్య దొరికాడు.

ఒక్కళ్ళూ నవ్వలేదు ఆ పూట. ఆదెమ్మ బిందెని బోర్లించి మళ్ళీ అటకెక్కించింది. కొడుకుని తిట్టలేదు గానీ, వాడితో పది రోజులు మాట్లాడలేదు. నూతి కంపు కొడుతుంటే వాడే ఒక్కడూ రాత్రనకా పగలనకా తోడి తోడి కడిగాడు. పోనీలెండి, ఇరవయ్యొకటి కాస్తా నూటపది అయ్యాయి, దేవతకి సాయం అలా జరిగింది.

అప్పట్నుంచి ఆ నీళ్ళు రుచి చూడటం మానేశారు. రుచి చూస్తే ఏడుపొస్తుందని కొండమ్మ కూడా మానేసింది. వంటకి మాత్రం పెరట్లోదే దగ్గర గనక అవే వాడేది. రోజూ అవే నీళ్ళు, అదే కూర, అదే పప్పు. ఆషాఢం వచ్చింది, వానలు పట్టాయి. ఎర్రయ్య చవితికి వస్తానని కూలికి పొరుగూరు వెళ్ళాడు. కొండమ్మకి ఏడో నెల దాటింది. ఒకరోజు పొద్దున్న తాడు పట్టుకుని నిలబడి ఏడ్చేసిందిట. తల్లీ, నాకు నమ్మకం అయిపోయింది, అడుగు కనిపిస్తోంది అని చెప్పేసింది. చెప్పేసి చేద వెయ్యబోతుంటే, తాడు కదలదు. వెనక్కి చూస్తే అత్త పట్టుకునుంది.

ఇలా ఇయ్యి, నిండు మనిషివి, వంగకు అంది ఆదెమ్మ. నీకు నమ్మకం లేదుగా అత్తా, అంది కొండమ్మ. లేదు, ఆవగింజంత కూడా లేదు. అయితే ఏం? నువ్వు ఆ తల్లిని నోరు తెరిచి అడిగావు. చవితి ఇంకా రాలేదు. నమ్మకంతో తోడాలని చెప్పిందా ఆవిడ? తోడమంది, అంతేగా! అని గొణుక్కుంటూ, మోకాళ్ళు పట్టుకుంటూ, దేవతనీ, కొడుకునీ, వాననీ కలిపి తిట్టుకుంటూ ఇరవయ్యొక్క చేదలూ తోడింది. మర్నాడూ తోడింది. శ్రావణమంతా తోడింది.

ఊ కొట్టండర్రా, ఇప్పుడే అసలు సంగతి.

చవితి వచ్చింది, వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు బండి కట్టారు. రుబ్బురోలు ఎక్కింది, నులకమంచం ఎక్కింది, మూటలెక్కాయి. ఇంక పొయ్యిమీద గిన్నె ఒక్కటే మిగిలింది. ఈ గడపలో ఆఖరి ముద్ద తిని బయల్దేరదాం అంది ఆదెమ్మ. కొండమ్మ వేడివేడి అన్నం, కందిపప్పు పెట్టింది. ఆదెమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, మొహం చిట్లించింది. అసలే దుఃఖంలో ఉందేమో, మండిపోయింది. ఏమే కొండమ్మా! ఆఖరి పూటైనా సరిగ్గా వండలేకపోయావా? పప్పు చప్పిడి, అన్నం చప్పిడి! ఉప్పెయ్యలేదేమే?

కొండమ్మ బిక్కమొహం వేసింది. మనింట్లో ఉప్పు ఎప్పుడేశాం అత్తా? అంది.

ఆదెమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఎర్రయ్య నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. ముగ్గురూ పెరటివైపు చూశారు. ఎంగిలిచేత్తోనే పరిగెత్తింది ఆదెమ్మ. చేద వేసింది, లాగింది, దోసిలి పట్టింది, తాగింది. ముందు కొడుకు చొక్కా పట్టుకుని, ఒరే, బెల్లం గానీ వేశావా? అంది. లేదే అమ్మా, ఒట్టు, అన్నాడు వాడు. చీమల కోసం చూసింది. ఒక్క చీమ లేదు. మళ్ళీ తాగింది. అవి తియ్యగా లేవు, ఉప్పగా లేవు, కారంగా లేవు. ఉత్త నీళ్ళు! మంచి నీళ్ళు! రోజుకో వీసమెత్తు ఉప్పు వదులుకుంటూ వచ్చాయి గనక రోజూ తినే నాలిక్కి తెలియలేదు. ఆ వేళ ఆఖరిదీ వదిలేసింది.

అక్కడే నూతి దగ్గర కూలబడి, పప్పు అంటుకున్న చేతులు రెండూ ఎత్తి దణ్ణం పెట్టింది ఆదెమ్మ. కళ్ళనీళ్ళు కారి పెదాల మీద పడ్డాయి. ఆ ఇంట్లో ఆ పూట ఉప్పున్నవి అవొక్కటే.

సరిగ్గా అప్పుడే కొండమ్మ నడుం పట్టుకుంది. ఇంకెక్కడి బండి! నులకమంచం దిగింది, మూటలు దిగాయి, రుబ్బురోలు దించలేక ఎర్రయ్య కాలి మీద వేసుకున్నాడు. పొద్దువాలే వేళకి ఆడపిల్ల పుట్టింది. మనవడన్నది కదా అంటావా? ఆడపిల్లేనే, బంగారమంటి పిల్ల. ఆ పెరటి నీళ్ళే గోరువెచ్చగా కాచి మొదటి స్నానం పోశారు. మాట తప్పలేదు ఆ తల్లి.

అప్పుడు అటక మీంచి ఇత్తడి బిందె దిగింది. ఆదెమ్మ తోమి, పసుపు రాసి, నిండా నీళ్ళు పట్టుకుని రేవమ్మ రాయి దగ్గరికి నడిచింది. తల్లీ, నిన్ను నమ్మలేదు, నమ్మకుండానే తోడాను, అయినా మొదటి రుచి నా నాలిక్కే చూపించావా? అంటూ బిందెడూ ఆ రాయి మీద పోసింది. తెల్లటి అట్టంతా కరిగిపోయింది. ఆ రాయి నల్లటిదని, నిగనిగలాడే నల్లటిదని, ఆ ఊళ్ళో ఎవరికైనా తెలిసింది ఆ రోజే.

తర్వాతేమయిందంటే, పుట్టిళ్ళకి పోయిన కోడళ్ళు ఒక్కొక్కళ్ళే తిరిగొచ్చారు. పదకొండు గడపలు మళ్ళీ నలభై అయ్యాయి. ప్రతి వంటింట్లోకీ ఉప్పు జాడీ వచ్చింది. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, ఇప్పటికీ ఆ పూట ఇంటిల్లిపాదికీ మొదటి ముద్ద చప్పటి పప్పుతో పెడతారు. అందరూ కళ్ళకద్దుకుని తింటారు. అందరూ సుఖంగా ఉన్నారు, ఎర్రయ్య బొటనవేలు తప్ప.

అదర్రా సంగతి. నమ్మకం ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదు. లేనిరోజున చెయ్యి ఆపకండి, చాలు. ఇచ్చేవాళ్ళు ఇస్తారు. ఇచ్చినప్పుడు మాత్రం కంచం తోసెయ్యకండి. వరం ఏ రుచిలో వస్తుందో ఎవరికి తెలుసు?

లేవండి మరి! మీ అమ్మ వంటింట్లో ఇంకా తినకుండా కూర్చునుంది. దాని పక్కన కూర్చుని, అదే పప్పు, అదే చప్పిడి, ఒక్కొక్క ముద్ద దాని చేత్తో పెట్టించుకోండి. మీ చేత్తో దానికీ ఒక ముద్ద పెట్టండి. కథ కంచికి, మీరు కంచం దగ్గరికి. ఊఁ, కదలండి!