నాటకశాల తలుపులు

పూర్వం ఒక రాజ్యంలో, కాలిపోయిన పాత నాటకశాలను బాగుచేయిస్తున్నారు. ఆ మంటల్లోనే మద్దెల వాయించే మొగుణ్ణి పోగొట్టుకున్న నీళ్లు మోసే సూరమ్మ, "ఈసారైనా తలుపులు బయటికి తెరుచుకునేలా పెట్టించండి దొరా" అని మంత్రిని వేడుకుంది.

"లోపలికి తెరిస్తేనే లక్ష్మి లోపలికొస్తుంది, పో!" అని కసిరాడాయన.

తలుపులు లోపలికే తెరుచుకునేలా బిగించాక, పని చూడ్డానికి మంత్రి కొలువువాళ్లతో లోపలికి వెళ్లగానే, సూరమ్మ బయటినుంచి తలుపులు దగ్గరికి లాగి, "బయట రాజుగారు శాలువాలు పంచుతున్నారహో!" అని కేకేసింది. అందరూ ఎగబడి తలుపుల మీద పడ్డారు. ఒక్కరూ వెనక్కి జరగలేదు, తలుపు లోపలికి రాలేదు.

"చచ్చాను, తెరవండి!" అని అరిచాడు నలిగిపోయిన మంత్రి.

"శాలువాకే ఇంత తొక్కిసలాటైతే, నిప్పంటుకున్నప్పుడు ఎంతుంటుంది దొరా?" అంది సూరమ్మ.

తలుపులు మారాయి. మొదటి ఆటనాడు లోపల మద్దెల మోగగానే సూరమ్మ తలుపు బయటికి తెరిచి, లోపలినుంచి ఎవరో రావాల్సినట్టు చాలాసేపు పట్టుకునే నిలబడింది.