కాపలా కొమ్మ మీద లొడలొడ

అనగనగా అనగానే ఒక అడవి ఉండాలి కదా, ఉంది. ఆ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున నడుమెత్తు గడ్డి. గడ్డి పక్కన ఒక పొడుగాటి మద్దిచెట్టు. చెట్టు మీద కొండముచ్చులు ఉండేవి. చెట్టు కింద దుప్పులు మేసేవి.

ఆ రెండు గుంపులకీ మంచి స్నేహం. కొండముచ్చులు చిగుళ్ళు సగం తిని సగం కింద పారేసేవి. తిండి దగ్గర వాటికి పెద్ద పద్ధతేమీ లేదు, అచ్చం మీలాగే. ఆ పారేసినవి దుప్పులు తినేవి. అందుకు బదులుగా దుప్పులు వాసన చూసేవి, కొండముచ్చులు పైనుంచి కాపలా కాసేవి. చిరుతపులి వాసన తగిలితే దుప్పి కేక పెడుతుంది. కంటపడితే కొండముచ్చు "ఖఖ్! ఖఖ్!" అని దగ్గుతుంది. ఎవరు ముందు చెప్పినా సరే, అందరూ పరుగో పరుగు.

కాపలాకి ఒక కొమ్మ ఉంది. రోజుకొకరు దాని మీద కూర్చోవాలి. ఆ కొమ్మకి ఒకే ఒక్క కట్టుబాటు. దాని మీద కూర్చున్నవాళ్ళు ఎవరికీ జవాబు చెప్పకూడదు. కన్నతల్లి పిలిచినా పలకకూడదు.

మరి ఆ రోజు వంతు ఎవరిదో తెలుసా? లొడలొడది.

లొడలొడ ఒక కొండముచ్చు పిల్ల. అసలు పేరు ఇంకేదో ఉండేది, కానీ నిద్రలో కూడా మాట్లాడుతుంటే ఆ పేరు ఎవరికి గుర్తుంటుంది? కాపలా కొమ్మ ఎక్కడం తనకి అదే మొదటిసారి.

"జవాబు చెప్తే ఏమవుతుంది అమ్మమ్మా?" అని అడిగింది లొడలొడ.

"జవాబు చెప్పాలంటే మొహం తిప్పాలి. మొహం తిప్పితే గడ్డి కనబడదు. అంతే" అంది అమ్మమ్మ.

"ఓస్, అంతేనా!" అని లొడలొడ ఒక్క గెంతులో కొమ్మెక్కేసింది.

చెట్టు కింద ఒక తల్లి దుప్పి ఉంది. దాని పిల్ల పేరు చుక్క. పుట్టి ఎన్నో రోజులు కాలేదు, ఇంకా కాళ్ళు తడబడుతున్నాయి. పరిగెత్తమంటే ముందు పడుతుంది, తర్వాత పరిగెడుతుంది.

"లొడలొడా! ఇవాళ గాలి మా వైపు నుంచి గడ్డి వైపు పోతోంది. అక్కడేమున్నా మాకు వాసన రాదు. మా చుక్కని కాస్త కనిపెట్టుకుని ఉండు తల్లీ" అంది తల్లి దుప్పి.

"నువ్వు హాయిగా మెయ్యి అత్తా! నేనున్నాగా!" అంది లొడలొడ.

చూశారా? అప్పుడే జవాబు చెప్పేసింది.

కాసేపటికి వాగులోంచి కొంగ మావయ్య మెడ పొడుగ్గా చాచాడు. ఒంటికాలి మీద నిలబడి అడిగాడు.

"ఏమ్మాయ్, కాపలాకి ఏం కావాలో తెలుసా? ఏకాగ్రత! మాట వింటుంటేనే ఎంత గంభీరంగా ఉందో చూడు. పరీక్షలకి చదివేవాళ్ళకీ, తపస్సు చేసేవాళ్ళకీ ఈ మాటే వాడతారు. నన్ను చూడు, ఏకాగ్రత అంటే నేనే!"

ఆయన అలా చెప్తుండగా ఒక చేప ఆయన కాలి పక్కనుంచే తాపీగా వెళ్ళిపోయింది.

"మావయ్యా, చేప!" అని లొడలొడ కిసుక్కున నవ్వింది. నవ్వి, మళ్ళీ గడ్డి వైపు తిరిగింది. ఏమీ కాలేదు. అమ్మమ్మ ఊరికే భయపెట్టింది అనుకుంది.

ఆ నవ్వు విని ఎలుగు బాబాయి వచ్చి చెట్టు మొదట్లో చతికిలబడ్డాడు.

"ఏకాగ్రతట, ఏకాగ్రత! పలికేలోపు పళ్ళూడతాయి. ధ్యాస అనాలమ్మా, ధ్యాస! మీ అమ్మ రోజూ అనదూ, 'ఎప్పుడూ ఆటల మీదే ధ్యాస' అని? ఏకాగ్రతని బలవంతంగా తెచ్చుకోవాలి. ధ్యాస అయితే దానంతట అదే పోతుంది. నా ధ్యాస చూడు, నిద్రపోతున్నా సరే ఆ తేనె... ఆ తేనెపట్టు... నేనేం చెప్తున్నాను?"

"ధ్యాస గురించి బాబాయ్!" అని లొడలొడ కొమ్మ మీద సగం పక్కకి తిరిగి పకపకా నవ్వింది. ఇంకొంచెం ఆలస్యంగా గడ్డి వైపు తిరిగింది. అప్పుడూ ఏమీ కాలేదు.

ఇక గోరింక ఊరుకుంటుందా? అది అడవి అంచున ఉన్న బడి కప్పులో ఒక వానాకాలమంతా కాపురం ఉండి వచ్చింది. అప్పట్నుంచి దాన్ని పట్టలేం.

"మీరింకా ఆ పాత మాటల్లోనే ఉన్నారా? ఇప్పుడంతా ఫోకస్! మాస్టారు పూటపూటా అంటారు, 'ఒరేయ్, ఫోకస్ పెట్టరా!' అని. ఫోటోలు తీసేవాడూ ఫోకసే అంటాడు. చేలో రైతు పందుల మీద వేసేది కూడా ఫోకస్ లైటే. ఒక్క మాట, ఎక్కడైనా పనికొస్తుంది!" అంది గోరింక.

"లైటుకీ బుర్రకీ ఒకటే మాటా?" అన్నాడు కొంగ మావయ్య.

"అందుకే కాబోలు, నీ చేప చీకట్లో వెళ్ళిపోయింది!" అంది గోరింక.

ఎలుగు బాబాయి నేల మీద దొర్లి దొర్లి నవ్వాడు. గొడవ ముదిరింది. ఎవరి మాట గొప్పదో ఎవరో ఒకరు తేల్చాలి కదా? ముగ్గురూ ఒక్కసారే తలెత్తి చూశారు.

"లొడలొడా, నువ్వే తీర్పు చెప్పు!"

తీర్పు! అంత పెద్ద పని ఇంతవరకూ లొడలొడకి ఎవరూ అప్పజెప్పలేదు. కొమ్మ మీద పూర్తిగా ఇటు తిరిగి కూర్చుంది. తోక మడిచి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు సవరించుకుంది.

"చూడండీ, నా ఉద్దేశంలో..." అని మొదలుపెట్టింది.

దాని వీపు వెనకాల గడ్డి కదిలింది.

చిరుతపులి ఒక్క దూకు దూకింది. తల్లి దుప్పి కేక విని లొడలొడ వెనక్కి తిరిగి "ఖఖ్! ఖఖ్!" మంది, కానీ ఆ దగ్గు ఆలస్యంగా వచ్చింది. మంద చెల్లాచెదరైంది. పాపం చుక్క, ముందు పడింది. పడడమే దాన్ని కాపాడింది. పులి పంజా దాని మీదుగా పోయి ఒక చెవి చివర మాత్రం చీల్చింది. ఎలుగు బాబాయి ఉలిక్కిపడి లేచి రెండు కాళ్ళ మీద నిలబడేసరికి పులి వెనక్కి తగ్గి, గడ్డిలోకి జారుకుంది.

సాయంత్రం లొడలొడ చెట్టు దిగి తల్లి దుప్పి ముందు నిలబడింది. చెప్పడానికి మాటలే దొరకలేదు. లొడలొడకి మాటలు దొరకలేదంటే ఎంత బాధపడిందో మీరే ఆలోచించండి.

తల్లి దుప్పి చుక్క చెవి నాకుతూ, తలెత్తకుండానే అంది. "నేనేం పెద్ద కోరిక కోరలేదు తల్లీ. కనిపెట్టుకుని ఉండమన్నాను."

అమ్మమ్మ తిట్టలేదు. "రేపు కూడా నువ్వే ఎక్కు" అంది.

"నేనా? వద్దమ్మమ్మా!"

"నువ్వే. మొహం తిప్పితే ఏమవుతుందో ఇప్పుడు ఈ చెట్టు మీద నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

మర్నాడు లొడలొడ మళ్ళీ కొమ్మెక్కింది. గాలి మళ్ళీ అటే వీస్తోంది. చెవికి మట్టి పూసుకున్న చుక్క కింద గంతులేస్తోంది. అడవిలో గొడవలు అంత తొందరగా తెమలవు కాబట్టి ఆ ముగ్గురూ కూడా మళ్ళీ వచ్చేశారు.

"నిన్న తీర్పు మధ్యలో ఆగిపోయిందమ్మాయ్" అన్నాడు కొంగ మావయ్య.

లొడలొడ పలకలేదు.

"ధ్యాస అనేస్తే పోలా? ఇంటికెళ్ళిపోతాం" అన్నాడు ఎలుగు బాబాయి.

లొడలొడ పలకలేదు.

"అబ్బో! ఒక్క రాత్రిలో ఎంత పెద్దదయిపోయిందో! చెవుడొచ్చిందా పిల్లా? లేకపోతే నాలుక ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అంది గోరింక.

అదీ అసలు కష్టం! దానికి చెప్పడానికి లొడలొడ దగ్గర బ్రహ్మాండమైన జవాబు ఉంది. చెప్తే గోరింక వారం దాకా నోరెత్తదు. నాలుక దురద పెట్టేస్తోంది. లొడలొడ ఏం చేసిందో తెలుసా? తన తోక తనే నోట్లో కుక్కుకుంది! కళ్ళు మాత్రం గడ్డి మీదే.

కళ్ళు అక్కడే ఉంటే నిన్న కనబడనివన్నీ కనబడ్డాయి. గాలికి గడ్డంతా ఒకే వైపు వంగుతోంది. మిడతలు లేస్తున్నాయి, వాలుతున్నాయి. గడ్డి మధ్యలో ఒక్కచోట మాత్రం నాలుగు పరకలు గాలికి ఎదురుగా ఇటు వంగాయి. కాస్త ఆగి, ఇంకొంచెం దగ్గరగా ఇంకో నాలుగు.

తుపుక్! తోక ఉమ్మేసింది.

"ఖఖ్! ఖఖ్! ఖఖ్!"

దుప్పులు ఇటు, కొంగ మావయ్య అటు, గోరింక పైకి! చుక్క ముందు పడింది, లేచింది, తల్లి వెనకాలే పరిగెత్తింది. పులి గడ్డిలోంచి బయటికి వచ్చేసరికి చెట్టు కింద ఎలుగు బాబాయి తప్ప ఎవరూ లేరు. ఆయన్ని తినేంత ఆకలి పులికి లేదు. మొహం ముడుచుకుని వాగు దాటి వెళ్ళిపోయింది.

పొద్దువాలాక లొడలొడ కొమ్మ దిగింది. కింద ఆ ముగ్గురూ మళ్ళీ చేరి కాచుకుని ఉన్నారు.

"ఇప్పుడైనా చెప్పు తల్లీ! ఏకాగ్రతా, ధ్యాసా, ఫోకసా? ఏది గెలిచింది?" అన్నాడు కొంగ మావయ్య.

లొడలొడ వాళ్ళని ఆశ్చర్యంగా చూసింది.

"ఏది? మీరు మళ్ళీ ఎప్పుడు అడిగారు మావయ్యా? గోరింక అన్నది ఒక్కటే చెవిన పడింది. తర్వాత గడ్డి చూసుకుంటుంటే ఇంకేమీ వినబడలేదు" అంది.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చీలిన చెవి ఊపుకుంటూ చుక్క వచ్చి లొడలొడ పక్కన పడుకుంది. లొడలొడ అప్పుడు గోరింక వైపు తిరిగి, పొద్దుట్నుంచి దాచుకున్న ఆ జవాబు చెప్పింది. ఏం చెప్పిందో నేను చెప్పను. గోరింక మాత్రం వారం దాకా నోరెత్తలేదు.

నీతి: మనసు పెట్టడానికి పేరు ఏది పెట్టుకున్నా ఫరవాలేదు, మనల్ని నమ్ముకున్నవాళ్ళని కాపాడేది ఆ పేరు కాదు, పని మీద నుంచి తిప్పని చూపు.