పలుకు చాలు

సముద్రం ఊరికి ఇంకా దూరంగా ఉండే రోజుల మాట. ఉప్పు మడుల పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో సన్యాసమ్మ అని, ఇంటింటికీ తిరిగి ఉప్పు అమ్ముకునే మనిషి.

ఆ రోజుల్లో ఆ దిక్కుకి హెచ్ఐవీ అనే జబ్బు వచ్చి పడింది. ఒంట్లోకి వచ్చిందంటే పోదు. రోజూ మాత్ర వేసుకుంటే పడుకుంటుంది, మానేస్తే లేస్తుంది. సన్యాసమ్మకీ ఆ జబ్బుంది. ఆసుపత్రి వాళ్లు ఆవిడకో పని అప్పజెప్పారు, తనలాంటివాళ్లు మందు మానకుండా వాళ్లతో మాట్లాడుతూ ఉండమని.

నెత్తిన ఉప్పు గంపుంటే ఏ గుమ్మం ముందు ఆగినా ఎవరూ ఏమీ అనుకోరు. సందె వేళ "ఉప్పో" అని కేకేసి, గంప దించి, మెల్లగా అనేది: "నేనొచ్చానే. తలుపు తియ్యక్కర్లేదు, పలుకు చాలు."

లోపల్నుంచి "వేసుకున్నానత్తా" అని వినిపిస్తే గంపెత్తుకుని పక్కింటికి పోయేది.

ఆ పల్లెలోనే నూకరత్నం. మొగుణ్ణి ఆ జబ్బే తీసుకుపోయింది. తనకీ ఉంది. పసిపిల్లకి రాకూడదని అమ్మవారికి మొక్కుకుంది. పిల్లకి లేదని తేలింది. ఆ సంతోషంలో తన మాత్రలన్నీ పట్టుకెళ్లి అమ్మవారి గుడి గట్టు మీద పెట్టింది. "నువ్వుండగా ఇవెందుకు తల్లీ. ఇకనుంచి నీ తీర్థమే నా మందు" అంది.

ఆ సందె సన్యాసమ్మ వచ్చింది. "తలుపు తియ్యక్కర్లేదు, పలుకు చాలు."

"వేసుకున్నానత్తా" అని అబద్ధమాడింది నూకరత్నం.

కొన్ని నెలలకి గొంతు సన్నబడింది. "జలుబు చేసిందత్తా, వేసుకున్నాను."

ఇంకొన్నాళ్లకి, ఒక సందె పలుకే లేదు.

సన్యాసమ్మ తలుపు తోసింది. నూకరత్నం చాప మీద కాలిపోతోంది. పక్కన పిల్ల, అమ్మ కొంగు పట్టుకుని.

సంగతంతా విని సన్యాసమ్మ అంది: "అమ్మవారికి జబ్బు లేదు కదే పిచ్చిదానా, నీ మాత్రలు ఆవిడకెందుకిచ్చావు?"

అంత జ్వరంలోనూ నూకరత్నానికి నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. "మందేసుకుంటే ఆవిణ్ణి నమ్మనట్టే కదత్తా?"

"మా ఆయనా అలాగే అన్నాడు. ఒక సందె ఉప్పమ్ముకొచ్చి గుమ్మంలోంచి పిలిచాను, పలకలేదు. అప్పట్నుంచీ ఎవరైనా పలికితే చాలనిపిస్తుంది నాకు." కళ్లొత్తుకుంది. "తీర్థం మానొద్దు. ఆ తీర్థంతోనే మాత్ర వేసుకో. రెండూ ఆవిడ పంపినవే."

తెల్లారి తనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. మెల్లమెల్లగా నూకరత్నం లేచి కూర్చుంది, నడిచింది, పిల్లకి జడేసింది.

ఏళ్లు గడిచాయి. సన్యాసమ్మ ముసలిదైంది. ఒక సందె ఉప్పు కేక రాలేదు. నూకరత్నం గుమ్మంలో కూర్చుని చూసింది. తెల్లారి కబురొచ్చింది, నిద్రలోనే పోయిందని.

ఆ సందె నూకరత్నం దీపం పెట్టి, తీర్థంతో మాత్ర మింగింది. పిలిచేవాళ్లు లేరు. అయినా మాట గొంతులో ఆగలేదు. మూసిన తలుపు వైపు తిరిగి, "వేసుకున్నానత్తా" అంది.

"ఎవరికమ్మా చెబుతున్నావు?" అంది కూతురు.

"ఉప్పు అత్తకి. పలక్కపోతే అక్కడే నిలబడిపోతుందే. గంప బరువు కదా."

ఇప్పటికీ ఆ దిక్కున మాత్ర వేసుకున్నవాళ్లు తలుపు వైపు తిరిగి ఆ మాట అంటారు. గాలికి తలుపు కదిలితే, గంపెత్తుకుని పక్కింటికి వెళ్లిందని చెప్పుకుంటారు.