మూడో గుండు మీద మారెక్క

తిప్పేస్వామికి వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. మోటారు సైకిళ్ల సంఘం ఇరవై ఐదేళ్ల చరిత్ర తొంభై పేజీలు రాశాడు. ప్రెస్సువాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ముందుమాట కింద ఉస్తాద్ సంతకమే తక్కువ. ఉస్తాద్ హుసేన్ పీరా ఆ కాగితాలను రెండుసార్లు చదివి, రెండుసార్లూ సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చేశాడు.

రాయదుర్గం కొండల్లో ఆ సంఘాన్ని మొదలుపెట్టింది మెకానిక్ పీరానే. వాళ్లది వేగం ఆట కాదు. సున్నం గీతల మధ్య, గుండ్ల మీదికి, ఆ పెద్ద పెద్ద బండరాళ్ల మీదికి, బండి ఎక్కించాలి. కాలు కింద పెట్టకూడదు. పెడితే తప్పు. తప్పులు తక్కువున్నవాడిది కప్పు. గుండుకొకరు పైన కూర్చుని తప్పులు చెబుతారు. వాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదన్నది పీరా పెట్టిన కట్టుబాటే. ఆయన దగ్గర స్పానర్ పట్టడం నేర్చిన తిప్పేస్వామి తొమ్మిది కప్పులు గెలిచాడు.

మూడోసారి కాగితాలు పట్టుకుని పీరా షెడ్డుకు పోయాడు.

"తప్పేముంది ఉస్తాద్? తేదీలన్నీ సరిచూసినా."

"తేదీలు బాగుండాయి. బండి తియ్యి. మూడో గుండు కాడికి పోదాం."

మిట్టమధ్యాహ్నం. గుండు పెనంలా కాలుతోంది. పీరా పైనున్న రాతి అరుగు చూపించాడు.

"ఎక్కి కూర్చో."

ఇన్నేళ్లలో తిప్పేస్వామి అక్కడికి ఎక్కింది లేదు. గెలిచేవాళ్లకు అక్కడ ఏం పని? కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కింద చర్మం చుర్రుమంది. తప్పులు చెబుతూ ఆరేళ్లు ఇక్కడే కూర్చుంది రాళ్లు కొట్టే మారెక్క. తిప్పేస్వామి మొదటి కప్పు నాడు, "ఎడమకాలు పెట్టినాడు" అంది. "బండి అడ్డమైతే ఎడమకాలు ఎట్ల కనబడుతుంది ఈమెకు?" అన్నాడు తిప్పేస్వామి. కట్టుబాటు ఎవరికీ గుర్తు రాలేదు. ఆడదాని చూపుకు సాక్ష్యం కావాలన్నారు మగవాళ్లంతా. ఆ సాక్ష్యం కోసం అరుగు ఎక్కి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పీరా ఆ రోజు వేస్టుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ తప్పు కొట్టేసి కప్పు తిప్పేస్వామికే ఇచ్చారు. మారెక్క కొంగు దులుపుకుని దిగిపోయింది, మళ్లీ రాలేదు. తొంభై పేజీల్లోనూ రాలేదు.

కింద బండి స్టార్టయింది. డెబ్బై ఏళ్ల పీరా హ్యాండిల్ మీదికి వంగి గుండు ఎక్కుతున్నాడు. వంపు దగ్గర నెమ్మదించి, ఎడమకాలు కింద పెట్టి, తీసి, పైకి వచ్చేశాడు.

"పెట్టినానా?"

తిప్పేస్వామి ఒళ్లోని కాగితాలు సర్దుకున్నాడు.

"అడుగుతాండేది నిన్నే, స్వామీ."

"పెట్టినావు ఉస్తాద్."

"కనబడిందా?"

"మడమతో సహా."

పీరా బండి ఆపి ఆయాసపడ్డాడు. "గీతలు గీసింది నేను. ఈ అరుగు మీద కూర్చుని, అంతా కనబడుతుందని చూసుకునే గీసినా."

తిప్పేస్వామి తల ఎత్తాడు. "మరి ఆ పొద్దు..."

"నువ్వు నా శిష్యునివి. ఆయమ్మ నాకేమైతుంది?"



"ఆమె పేరు రాస్తా ఉస్తాద్. పోయి క్షమాపణ అడుగుతా."

"ఎవరిని? పోయినేడు క్వారీ కాడ రాయి పడి చచ్చిపాయె. మనం ఒక్కరమన్నా పోయినామా?"

పీరా చేయి చాచి కాగితాలు తీసుకున్నాడు. మొదటి పేజీలో తన పేరు పక్కన 'ధర్మం తప్పని తీర్పరి' అని ఉంది. జేబులోంచి పెన్ను తీసి ఆ మాటల మీద అడ్డంగా గీత గీశాడు. కాగితం చిరిగింది. దాని కింది వరుసలో తిప్పేస్వామి మొదటి కప్పు సంగతి ఉంది. పెన్నుతో సహా కట్ట శిష్యుడి ఒళ్లో పెట్టాడు.

"నాది నేను కొట్టేసినా. ఇంగ నీది చూసుకో."